ఆమె పేరు మీద బండి

ఇంజన్ గరగరమని తిరుగుతోంది గాని అందుకోవడం లేదు. రజిని తాళం వెనక్కి తిప్పి, ఒక క్షణం ఆగి, మళ్ళీ ముందుకు తిప్పింది. అదే గరగర. పెట్రోలు సగానికి పైనే ఉందని ముల్లు చూపిస్తోంది. తాండూర్ నుంచి ఇంత దూరం ఒక్కచోట కూడా మొరాయించని బండి, ధారూర్‌లో పూలదండల కోసం ఆపి, కట్టించుకుని వచ్చి కూర్చునేలోపల ఏమైనట్టు? పక్క సీట్లో తడిగుడ్డలో చుట్టిన దండలు రెండు, బంతిపూల మధ్యమధ్య తెల్ల చేమంతులు. పెళ్లికూతురికొకటి, పెళ్లికొడుక్కొకటి. రిజిస్ట్రార్ ఆఫీసులో దండలు అడగరక్కా అని పెళ్లికూతురు, చెల్లెలు రచన నవ్వింది గాని, దండలు లేని పెళ్లేంటని రజినికే మనసొప్పలేదు. ఆ దండల కోసం ఆపకపోతే ఈపాటికి అనంతగిరి గుట్ట ఎక్కుతూ ఉండేది. ఆపకపోతే బండి ఆగేది కాదు. ఈ మాట ఎక్కడో విన్నట్టుందే అనుకుంటుండగానే ఫోన్ మోగింది. మొగుడు వేణు. ఎక్కడున్నావని అడగలేదు.

"ఏంది, లేస్తలేదా బండి?" అన్నాడు.

ఆమె తాళంచెవి మీది నుంచి చెయ్యి తీసింది. "నువ్వు బంద్ చేసినవా?"

"రాత్రి అంతగనం చెప్పినంక గూడ పోతివి. నేనేం చెయ్యాలె మరి? అండ్లనే కూసో. మహేష్‌ను పంపిస్తున్న, తోల్కొని వస్తడు."

"పన్నెండిటికల్లా నేను వికారాబాద్‌ల ఉండాలె. సాక్షి సంతకం నాది."

"మనింటి పేరు పెట్టి ఆ పెళ్లికి సంతకం చేస్తవా? మంది ముంగట నేను తలెట్ల ఎత్తుకోవాలె?" అని పెట్టేశాడు.

కోపంతో తలుపు తీసింది. అంతే, బానెట్ కింది నుంచి సైరన్ లేచింది. చెవులు కోసే అరుపు, నాలుగు రకాలుగా మారుతూ, దీపాలన్నీ వెలుగుతూ ఆరుతూ. టీ కొట్టు ముందున్నవాళ్ళు గ్లాసులు పట్టుకునే ఇటు తిరిగారు. పూలమ్మే ఆమె చేతిలో దారం ఆగింది. రజిని గబుక్కున తలుపు మూసింది. సైరన్ ఇంకాసేపు అరిచి ఆగిపోయింది. తాండూర్‌లో దుకాణంలో కూర్చుని బొటనవేలితో ఆపి ఉంటాడు. అంటే ఇంజన్ ఆపడమే కాదు, బండికి కాపలా కూడా పెట్టాడు. ఆమె లోపల కూర్చున్నంతసేపు బండి నోరు మూసుకుని ఉంటుంది. కాలు బయటపెడితే దొంగ దొంగ అని అరుస్తుంది. నుదుటి మీద చెమట కంట్లోకి దిగింది. తుడుచుకోవడానికి కూడా చెయ్యి లేపబుద్ధి కాలేదు, అందరూ చూస్తున్నారు.

ఆపకపోతే బండి ఆగేది కాదు. ఆ మాట ఫిట్టర్‌ది, గుర్తొచ్చింది. హైదరాబాద్ నుంచి వచ్చాడతను, కొత్త బండికి ఇవన్నీ బిగించడానికి. మధ్యాహ్నం భోజనం ఇంట్లోనే పెట్టింది రజిని, కందిపప్పు, మామిడికాయ తొక్కు. తింటూ తింటూ గొప్పగా చెప్పాడు. మేడమ్, ఈ తాళంచెవి తలలో బియ్యపుగింజంత చిప్పుంటది, స్టీరింగ్ దగ్గర చుట్టిన తీగ దాన్ని నువ్వెవరని అడుగుతది, చిప్పు తన నంబరు చెప్తది, నంబరు కలిస్తేనే ఇంజన్‌కు పెట్రోలు, కలవకుంటే ఎంత తిప్పినా అంతే. ఇది కంపెనీవాళ్ళు పెట్టి ఇచ్చింది. దాని మీద నేను పెట్టేది ఇంకో వరస. నాలుగు తలుపులకు, డిక్కీకి, బానెట్‌కు బటన్లు, ఏది తెరుచుకున్నా సైరన్. అద్దం పగలగొడ్తే తెలియాలని అదురు పట్టే ముక్క ఒకటి. దొంగోడు తెలివి చేసి బ్యాటరీ వైరు కోస్తడా, సైరన్‌కు దాని బ్యాటరీ దానికే ఉంది, అరుస్తనే ఉంటది. సీటు కింద సబ్బుబిళ్ళంత డబ్బా, అండ్ల సిమ్ము, బండి ఎక్కడుందో సార్ ఫోన్‌కు చెప్తుంటది. దాని నుంచి ఒక వైరు పెట్రోలు పంపు దగ్గరికి. సార్ ఫోన్ల ఒక్కటి నొక్కితే పంపు బంద్. నడుస్తున్న బండిని నడిరోడ్డు మీద ఆపితే లారీ కింద పడ్తది గద మేడమ్, అందుకే వాడు ఎక్కడో ఒకదగ్గర ఆపిందాంక ఆ డబ్బా కాచుకుంటది. ఆపకపోతే బండి ఆగదు. ఆపినోడు మళ్ళ లేపలేడు. డబ్బా పీకేసినా లేవదు.

దొంగోడు, దొంగోడు అని ఎన్నిసార్లన్నాడో. రజిని ఇంకొంచెం పప్పు వడ్డించి, దొంగోడి మీద జాలిపడ్డట్టు నవ్వింది కూడా. అంత తిప్పలు పడి వాడు ఎక్కడో ఓ చెట్టు కింద బండి ఆపుకుంటే, తిరిగొచ్చేసరికి మొత్తం అయిపోయి ఉంటుందన్నమాట, పాపం అనుకుంది. అదురు పట్టే ముక్కకు ఒక చిన్న మర ఉంటుంది, ఎంత తాకితే అరవాలో దాంతో పెట్టొచ్చు. వేణు అన్నింటికన్నా సున్నితంగా పెట్టించాడు. ఇక చూడు, నాపరాళ్ళ లారీ వీధిలోంచి పోతే అరుపు, పిల్లి ఎక్కితే అరుపు, అత్తమ్మ ఈశ్వరమ్మ ఆరేసిన దుప్పటి గాలికి కొట్టుకుంటే అరుపు. ఇంటికి ఎవరొచ్చినా వేణు బయటికి తీసుకుపోయి బానెట్ మీద వేలితో టకటకా కొట్టి అరిపించి చూపించేవాడు. మావాడు ఎంత జాగ్రత్త అని మురిసేది అత్తమ్మ. నెల తిరిగేసరికి వీధిలో ఎవరూ అటు చూడటం కూడా మానేశారు. నిజంగా దొంగ వచ్చినా చూడరు. కానీ ధారూర్ కొత్త ఊరు. ఇక్కడ చూస్తారు. ఇప్పుడు చూస్తున్నారు.

అద్దం కాస్త దించి ఉండటం మేలైంది, లేకపోతే ఉడికిపోయేది. టీ కొట్టు దగ్గర ఇద్దరు ముసలివాళ్ళు బండి నంబరు చదువుతున్నారు. చదవనీ. ఆ నంబరు ఎవరి పేరు మీద ఉందో వాళ్ళకేం తెలుసు. బండి ఆమెదే. ఆడవాళ్ళ పేరు మీద కొంటే కలిసొస్తుందని ఎవరో చెబితే రజిని పేరు రాయించాడు. షోరూములో పెద్ద అట్టతో చేసిన తాళంచెవి ఆమె చేతికిచ్చి ఫోటో తీశారు, ఆ ఫోటో ముందుగదిలో ఫ్రేము కట్టి ఉంది. అసలు తాళంచెవి కూడా ఇచ్చాడు, నడపడం కూడా నేర్పించాడు, తాండూర్‌లో వాళ్ళ చుట్టాల ఆడవాళ్ళలో కారు నడిపేది ఆమె ఒక్కతే, అందరూ అదృష్టవంతురాలివే అన్నారు. ఆమె కూడా అనుకుంది. మొదటిసారి ఒక్కతే బిడ్డను ట్యూషన్ దగ్గర దింపి వస్తూ, అవసరం లేకపోయినా పెద్దరోడ్డు దాకా పోయి తిరిగొచ్చింది. ఇంట్లో అడుగుపెట్టగానే వేణు నవ్వుతూ అడిగాడు, పెద్దరోడ్డు దిక్కు ఏం పని పడ్డది? ఆమె కూడా నవ్వింది. అప్పటికి అది నవ్వే సంగతే. తర్వాత ఒకరోజు పక్కింటావిడను ఆస్పత్రికి తీసుకుపోతే, లోపలికి అడుగుపెట్టకముందే ఫోన్, ఎవలకు బాగలేదు? ఇంకోరోజు ఫోన్ తెరిచి చూపించాడు, తాండూర్ పటం మీద నీలంరంగు గుండ్రం. వేలితో గీశాడట. బండి ఈ గీత దాటితే నా ఫోన్ మోగుతది, ఎవడన్న ఎత్కపోతే తెలుస్తది గద అన్నాడు. వాళ్ళ ఇల్లు, దుకాణం, బిడ్డ బడి, కూరగాయల మార్కెట్టు, గుడి, అన్నీ అందులో ఉన్నాయి. వికారాబాద్ లేదు. రచన వికారాబాద్‌లో ఉంటుంది.

అసలు ఇదంతా మొదలైంది పాత బండితో. తెల్లది, ఎన్నో ఏళ్ళు వాడింది, ఇంటి ముందు పట్టపగలు మాయమైంది. అప్పుడు రచన వీళ్ళింట్లోనే ఉండేది. దానికి పెళ్లయి రెండేళ్ళు కూడా తిరగకుండానే మొగుడు లారీ కిందపడి పోయాడు. దోమలో అత్తగారోళ్ళు దినాలు కాగానే పెట్టె సర్దిపెట్టి పంపించారు. వికారాబాద్‌లో రక్తపరీక్షలు చేసేచోట పని దొరికితే రోజూ రైల్లో పోయి వచ్చేది. ఒకరోజు రైలు తప్పిపోయి వాన పడుతుంటే, అక్కడే పనిచేసే విజయ్‌కుమార్ మోటారుసైకిలు మీద తెచ్చి దింపిపోయాడు. గడప కూడా తొక్కలేదు అతను, తడుస్తూనే నమస్తే అని పోయాడు. ఆ తర్వాత వారం బండి పోయింది. తాళం లేకుండ బండి ఎట్ల పోతది, ఇంట్లకెళ్ళే పోయింది తాళం అన్నాడు వేణు. అంటూ వంటింటి వైపు చూశాడు. అక్కడ రచన ఉల్లిగడ్డలు కోస్తోంది. ఆ పిలగాడెవడో వచ్చిండు గద, ఎవలోళ్ళో ఏందో, చర్చికి పోయేటోళ్ళట అంది అత్తమ్మ, మెల్లగా, అందరికీ వినపడేంత మెల్లగా. రజిని ఆ రోజు గొంతు పోయేలా అరిచింది, నా చెల్లె దొంగనా అని, నీ బండి నీ మొఖాన కొడ్త అని. అంత అరిచినా ఏం కాలేదు. వేణు టీవీ పెట్టుకున్నాడు. తెల్లారి రచన సంచి పట్టుకుని రైలెక్కింది, స్టేషన్ దాకా వస్తానంటే వద్దక్కా అంది.

బండి దొరికింది, కర్ణాటక దిక్కు, చించోళి దాటినంక. వెనక చిన్న అద్దం పగలగొట్టి, స్టీరింగ్ కింద రెండు వైర్లు కలిపి తీసుకుపోయారట, పాత బండ్లకు తాళం అవసరం లేదు, చిప్పులేం ఉండవు వాటికి అన్నాడు పోలీసాయన. వేణు అవునా అన్నాడు. అంతే, ఒక్క అవునా. ఎవరూ రచనకు ఫోన్ చెయ్యలేదు, రజిని తప్ప. ఫోన్‌లో అది విని నవ్వింది. "ఇంగ నన్ను దొంగల లిస్టుకెళ్ళి తీసేసిన్రా అక్కా?" ఏం చెప్పాలి దానికి. తీసెయ్యలేదు. నీ మీద కోపంతో కొత్త బండికి నాలుగు తలుపులకు నాలుగు బటన్లు పెట్టించారు అని చెప్పలేదు. విజయ్‌కుమార్ గురించి అడగలేదు కూడా. రచనే చెప్పింది, చాలా రోజుల తర్వాత. పెళ్లి చేసుకుంటున్నం అక్కా, నోటీసు ఇచ్చినం, దినం వచ్చింది. ముగ్గురు సాక్షులు కావాలె. ఆయన దిక్కుకెళ్ళి వాళ్ళక్క కృపారాణి ఒకతి, మాతో పనిచేసేటాయన ఒకడు. నా దిక్కుకెళ్ళి నువ్వు వస్తవా? వస్త అంది రజిని, ఊపిరి తీసుకోకుండా. మా దిక్కుకెళ్ళి నేనొక్కదాన్నే ఉన్న గద, రాకుంటనా. ఆధార్ కార్డు తెచ్చుకో అక్కా అంది రచన.

హ్యాండ్‌బ్యాగులో ఆధార్ కార్డు ఉంది. తడిమి చూసుకుంది. గడియారం చూసుకోకూడదనుకుంటూనే చూసుకుంది. మహేష్ బయల్దేరి ఉంటాడు. మరిది మంచివాడే, గట్టిగా మాట్లాడడు, వదినా అన్న కోపంల ఉన్నడు, ఇంటికి పోదాం, ఊకో అంటాడు. వికారాబాద్ దాకా తీసుకుపోరా అంటే నేల చూస్తాడు. అతని మంచితనమంతా ఆ నేల చూపులోనే ఉంటుంది. ఇంటికి తీసుకుపోయి దింపుతాడు, అత్తమ్మ ఏమీ అనదు, అన్నం పెట్టనా అని అడుగుతుంది. సాయంత్రం వేణు ఏదో ఒకటి కొనుక్కొస్తాడు, జిలేబీ గానీ చీర గానీ. ఆమె మూడు రోజులు మాట్లాడదు. నాలుగో రోజు ఉప్పు తక్కువైందనో, కరెంటు బిల్లు వచ్చిందనో మాట మొదలవుతుంది. ఎన్నిసార్లు కాలేదు.

ఫోన్ మోగింది. రచన. "ఎక్కడి దాంక వచ్చినవ్ అక్కా?"

"దారిలనే ఉన్న. ధారూర్ల దండలు తీసుకున్న. వస్తున్న."

"మెల్లగ రా అక్కా. పరేషాన్ కాకు" అంది రచన, చాలా మెత్తగా.

ఆ మెత్తదనానికే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పరేషాన్ కాకు అంటుంది, పెళ్లికూతురు, అక్కడ ఆఫీసు వరండాలో నిలబడి, సాక్షి రాకపోతే దినం మళ్ళీ ఎప్పుడిస్తారో తెలియక. రజిని దండల మూట సంకన పెట్టుకుంది. బ్యాగు తగిలించుకుంది. తాళంచెవిని దాని సందులోనే వదిలేసింది, బియ్యపుగింజంత చిప్పుతో సహా. తలుపు తీసింది.

సైరన్ మళ్ళీ లేచింది. ఈసారి మూయలేదు. తలుపును బార్లా తెరిచి, అలాగే వదిలి నడిచింది. వెనక బండి గొంతు చించుకుంటోంది, దీపాలు కొట్టుకుంటున్నాయి. రోడ్డు మీద ఉన్నవాళ్ళంతా ఆమెను చూస్తున్నారు, చీర కట్టుకుని దండల మూటతో కారులోంచి దిగి పోతున్న ఆడమనిషిని. అయినా పరిగెత్తలేదు. పరిగెత్తితే నిజంగానే దొంగనుకుంటారు. బస్సు ఆగేచోట గంపతో కూర్చున్న ముసలామె చెవులు మూసుకుని అడిగింది, "ఎవలదమ్మా ఆ బండి, గట్ల మొత్తుకుంటుంది?"

"నాదే అనుకున్న పెద్దమ్మా" అంది రజిని. "నాది కాదు."

పల్లెవెలుగు బస్సు వచ్చింది, నిండా జనం. కండక్టర్ ఆధార్ చూపించమంటే తీసి చూపించింది, ఆడవాళ్ళకిచ్చే సున్నా టికెట్టు చింపిచ్చాడు. సాక్షి సంతకం కోసం తెచ్చుకున్న కార్డు. దండలు నలగకుండా మూటను తల మీదికెత్తి పట్టుకుని నిలబడింది. ఫోన్ ఆగకుండా మోగుతోంది. ఎత్తింది.

"బండి తలుపు తీసిపెట్టి పోయినవా?" వేణు గొంతులో ఇంతకుముందు లేని భయం. "తాళం గూడ అండ్లనే ఉన్నదా? దిమాగ్ ఉన్నదా నీకు? ఎవడన్న ఎత్కపోతే?"

"ఎట్ల ఎత్కపోతడు? ఇంజన్ నువ్వే బంద్ చేసినవ్ గద."

పక్కన నిలబడ్డ ఆడమనిషి తలతిప్పి చూసింది. వేణు ఏదో అరుస్తున్నాడు, మొదటిసారి అతని మాటలు వినకుండా పెట్టేసింది. మళ్ళీ మోగింది, మళ్ళీ, మళ్ళీ. బస్సు అనంతగిరి గుట్ట ఎక్కుతోంది, మలుపు మలుపుకూ జనమంతా ఒకవైపు ఒరుగుతున్నారు, కిటికీలోంచి అడవి గాలి చల్లగా తగులుతోంది, చేతిలో ఫోన్ అదురుతూనే ఉంది. గుట్ట మీదికి రాగానే మహేష్ నుంచి రెండు ముక్కల మెసేజ్. బండి దొరికింది వదినా, ఏం కాలేదు. ఆ తర్వాత ఫోన్ మోగలేదు. వికారాబాద్ దాకా ఒక్కసారి కూడా మోగలేదు. ఆమె రెండుసార్లు తీసి చూసింది, సిగ్నల్ లేదేమోనని. ఉంది. బండి దొరికింది కాబట్టి ఇక వెతకాల్సింది ఏమీ లేదు. తను ఎక్కడుందో, ఎట్లా పోతుందో ఎవరూ అడగలేదు. కావాలనుకున్న నిశ్శబ్దమే, మింగుడుపడటం లేదు.

బస్టాండు నుంచి ఆటోలో రిజిస్ట్రార్ ఆఫీసు. మెట్ల మీద చీర కుచ్చెళ్ళు కాలికింద పడి తూలింది. రచన వరండాలోనే ఉంది, ఆకుపచ్చ పట్టుచీర, పక్కన విజయ్‌కుమార్ తెల్లచొక్కా, కృపారాణి చేతిలో మిఠాయి డబ్బా తెరిచి ఉంది. తెరిచి ఉందంటే. రజిని అక్కడే ఆగిపోయింది. "టైం అయిపోయిందా?"

"అయిపోయింది వదినా, ఇప్పుడే సంతకాలు అయినయి" అన్నాడు విజయ్‌కుమార్, చేతులు కట్టుకుని, తప్పు తనదైనట్టు.

"మూడో సాక్షి?"

రచన వెనక నిలబడ్డ పెద్దావిడ ముందుకొచ్చింది. రచన అద్దెకుండే ఇంటి ఓనరు, భీమమ్మ. బొటనవేలికి అంటిన సిరా కొంగుతో తుడుచుకుంటోంది. "నేను పెట్టిన బిడ్డా" అంది. "మొన్ననే అడిగి పెట్టుకున్నది నన్ను, అత్తా నువ్వు జర తయారుగ ఉండు అని."

మొన్ననే. రజిని చెల్లెలి వైపు చూసింది. మొన్న అంటే బండి ఆగకముందే. రాత్రి వేణుతో గొడవ కాకముందే. తాళంచెవి చేతిలోకి తీసుకోకముందే.

"ఆ ఇంటి సంగతి నాకెర్క లేదా అక్కా" అంది రచన, దగ్గరికొచ్చి. "నువ్వు వస్తవు. వాళ్ళు రానియ్యరు. ఇయ్యాల ఆగితే మళ్ళ దినం దొరకదు."

"మరి నన్నెందుకు పిలిచినవ్?"

రచన అక్క మొహం మీద చెమటకు అంటుకున్న వెంట్రుకలు పక్కకు తీసింది, పైట సర్దింది.

"పిలవకుంటే నువ్వు బాధపడ్తవని."

కృపారాణి మూట విప్పింది. దండలు బాగానే ఉన్నాయి, ఒక్క బంతిపువ్వు కూడా రాలలేదు. భీమమ్మ వేసుకోండ్రి, ఫోటో తీద్దామంటోంది. ఇద్దరూ దండలు మార్చుకున్నారు. రజినిని మధ్యలో నిలబెట్టారు. ఆమె నవ్వింది, ఫోటోలో నవ్వినట్టే వచ్చి ఉంటుంది. మిఠాయి నోట్లో పెడుతూ రచన మెల్లగా అడిగింది, "ఇప్పుడెట్ల అక్కా? మళ్ళ ఆ ఇంటికేనా?"

"పోవాలె గద. బిడ్డ బడికెళ్ళి వచ్చే యాళ్ళకు ఇంట్ల ఉండాలె."

ఉండిపో అంటుందేమోనని ఒక్క క్షణం చూసింది రజిని. ఒక్కమాట అంటే చాలు. రచన అనలేదు. తలూపింది, అంతే. మొగుడు పోయిన కొత్తలో రచనను చూడటానికి వచ్చినవాళ్ళు ఇట్లాగే తలూపేవాళ్ళు, ఏమీ అనలేక, గడప దగ్గర చెప్పులు వెతుక్కుంటూ. అప్పుడు వాళ్ళ పక్కన నిలబడి రజిని కూడా చెల్లెలి వైపు అట్లాగే చూసింది. ఇప్పుడు ఆకుపచ్చ చీరలో, మెడలో దండతో, చెల్లెలే ఆమె వైపు అట్లా చూస్తోంది. మిఠాయి ఇంకా నోట్లోనే ఉంది. రజిని నమిలి మింగింది.